మాత్ర మానవద్దు, నడక మానవద్దు

(సొసైటీ వార్షికోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, దేన్ని గురించి మాట్లాడాలా అని నేను ఎక్కువగా ఆలోచించవలసిన పని లేకపోయింది. గుండెజబ్బుకు, పక్షవాతానికి, కాళ్ళలో ఏర్పడే రక్తపు గడ్డలకు మందులు వాడేవారు ఇవాళ ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళకు డాక్టరు సాధారణంగా రెండు సంగతులు చెబుతాడు. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోమంటాడు. రోజూ నడవమంటాడు. ఈ రెండూ కలిసినప్పుడు ఒంట్లో ఏమేమి కనిపించవచ్చో మాత్రం చాలాసార్లు చెప్పడు. నేనూ చాలాకాలం చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల జరిగిన ఒక నష్టంతోనే నా ప్రసంగం మొదలుపెడతాను.

నా దగ్గర వైద్యం చేయించుకునే పెద్దాయన ఒకరున్నారు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయన గుండె లయ తప్పి కొట్టుకునేది. దీన్ని మేము ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాము. గుండె పైగదుల్లో రక్తం సరిగా కదలక గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం మామూలువారికంటె సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకని మాత్ర రాసిచ్చాను, నడవమన్నాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఫజ్ర్ నమాజు కాగానే స్నేహితులతో చెరువుగట్టు దాకా నడిచి వచ్చేవారు.

ఒకనాడు గట్టు దిగుతూ కాలు జారి, తొడ రాతికి కొట్టుకుంది. మర్నాటికి అరచేతి వెడల్పున నల్లగా కమిలింది. ఇంట్లోవాళ్ళు హడలిపోయారు. "ఈ మాత్రల వల్లే నెత్తురు చెడిపోతోంది, మానెయ్యండి అబ్బా" అన్నాడు కొడుకు. ఆయన మాత్రా మానేశారు, నడకా మానేశారు. నాకు కబురు చెయ్యలేదు. రెండు వారాలు తిరగకముందే ఒక ఉదయం చేతిలో టీ గ్లాసు జారి పడింది. కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాయి. మాట పడిపోయింది.

తర్వాత ఆ కొడుకు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "దెబ్బ తగిలితే ఇలా కమలవచ్చునని మీరు ముందే ఒక్కమాట చెప్పి ఉంటే మేం అంత భయపడేవాళ్ళం కాదు గదా, డాక్టరుగారూ!" నా దగ్గర జవాబు లేదు. ఆయనకు చెప్పని ఆ మాటనే ఇవాళ మీ అందరికీ చెప్పడానికి వచ్చాను.

ఈ మందులు చేసే పని ఏమిటి?

రక్తం పలచబడే మాత్ర అని మనం వాడుకగా అంటాము గాని, నిజానికి రక్తం నీళ్ళలాగా పలచబడిపోదు. గడ్డకట్టే గుణం తగ్గుతుంది, అంతే. మామూలువాడికి రెండు నిముషాల్లో ఆగే నెత్తురు, ఈ మందు వాడేవాడికి ఆగటానికి ఇంకాస్త సేపు పడుతుంది. చర్మం కింద సన్నని రక్తనాళం చిట్లితే మామూలువాడికి మచ్చయినా పడదు, వీరికి కమిలిన మచ్చ కనిపిస్తుంది.

వీటిలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మొదటివి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి. ఇవి రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తాయి. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి వీటిని ఇస్తారు. రెండవవి గడ్డకట్టే రసాయన క్రియనే నెమ్మది చేసేవి. వార్ఫరిన్, మన దేశంలో అసిట్రోమ్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన అసెనోకౌమరాల్ ఈ జాతివే. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ కూడా ఈ కోవకే చెందుతాయి. మీరు వాడేది ఏ జాతిదో తెలుసుకుని ఉండండి. "గుండెకు ఎర్రమాత్ర" అంటే ఆపదలో ఏ డాక్టరుకూ అర్థం కాదు.

"ఇది ఎలుకల మందట గదా డాక్టరుగారూ!" అని కొందరు అడుగుతారు. ఆ మాటలో నిజం ఉంది, దాని వెనుక కథా ఉంది. 1920 ప్రాంతాల్లో కెనడాలోను, అమెరికా ఉత్తర భాగంలోను పశువులకు వింతజబ్బు వచ్చింది. చిన్న గాయమైనా నెత్తురు ఆగకుండా కారి పశువు చచ్చిపోయేది. స్వీట్ క్లోవర్ అనే మేత బూజుపట్టి పాడైతే, అది తిన్న పశువులకే ఈ గతి పట్టేది. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకతను చచ్చిన ఆవునూ, గడ్డకట్టని నెత్తురున్న పాలక్యానునూ బండిలో వేసుకుని, మంచుతుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్, ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి శ్రమించి ఆ మేతలోని పదార్థాన్ని పట్టుకున్నారు. దాని నుంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకలను చంపడానికి అమ్మారు. 1954లో మనుషులకు మందుగా అనుమతి ఇచ్చారు. ఎక్కువైతే విషం, కొలత ప్రకారం అయితే ఔషధం. ఉప్పయినా అంతే గదా!

ఆ మరుసటి ఏడు, 1955 సెప్టెంబరులో, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనకు వాడిన మందుల్లో వార్ఫరిన్ ఒకటి. ఆ రోజుల్లో గుండెపోటు రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. అధ్యక్షుణ్ణి చూడటానికి వచ్చిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. త్వరగా కుర్చీలో కూర్చోబెట్టించి, క్రమంగా నడిపించారు. వైట్ స్వయంగా నడకనూ సైకిలు తొక్కడాన్నీ ఇష్టపడి ప్రచారం చేసిన వైద్యుడు. ఐసెన్‌హోవర్ మళ్ళీ గోల్ఫ్ ఆడారు, 1956 ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు. మాత్రా, కదలికా రెండూ కలిసే ఆయనను నిలబెట్టాయి. మన పంతులుగారు రెండూ ఒకేసారి వదిలేశారు.

వ్యాయామంలో ఏమేమి కనిపించవచ్చు?

మొదటిది, కమిలిన మచ్చలు. ఎక్కడ తగిలిందో మనకే గుర్తుండదు, మచ్చ మాత్రం కనబడుతుంది. చిన్నమచ్చ పెరగకుండా, నొప్పి లేకుండా, పసుపుపచ్చగా మారి మానుతుంటే భయం లేదు. తరువాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుకు చూపితే చాలు. మచ్చ గంటగంటకూ పాకుతున్నా, గట్టిగా ఉబ్బినా, దెబ్బ తగలకుండానే ఒళ్ళంతా మచ్చలు లేచినా ఆ రోజే చూపించాలి.

రెండవది, కండలోపల నెత్తురు చేరడం. అలవాటు లేని బరువు ఎత్తినా, ఒక్కసారిగా పరుగెత్తినా కండ బెణుకుతుంది. మామూలువాడికి రెండు రోజుల నొప్పి. ఈ మందు వాడేవారికి పిక్కలోనో, తొడలోనో, పొత్తికడుపు వెనకనున్న కండలోనో నెత్తురు చేరవచ్చు. పిక్క బిగిసి, పాదం తిమ్మిరెక్కి, నొప్పి భరించరానంతగా ఉంటే క్షణం ఆలస్యం చేయరాదు. కీలు ఒక్కసారిగా వాచి వేడెక్కినా అంతే.

మూడవది, ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి కొద్దిగా నెత్తురు కారడం. ముక్కు కారితే తల వెనక్కు వాల్చకండి, నెత్తురు గొంతులోకి పోతుంది. కొంచెం ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని 10 నుంచి 15 నిముషాలు వదలకుండా నొక్కి పట్టండి. మధ్యమధ్య ఆగిందా లేదా అని వదిలి చూస్తే మొదటికే వస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాలుగవది, మూత్రం ఎర్రగా గాని టీ రంగులో గాని రావడం. దూరం పరుగెత్తినవారిలో ఒక్కొక్కసారి మందులు లేకపోయినా ఇలా వస్తుంది. మందు వాడేవారు మాత్రం "పరుగు వల్లేలే" అని ఊరుకోకూడదు. మలం తారులాగా నల్లగా రావడం, కాఫీపొడి కలిపినట్లు వాంతి కావడం కడుపులో నెత్తురు కారుతున్నదనడానికి గుర్తులు. వెంటనే వెళ్ళాలి. నడకలో ఇదివరకు లేని ఆయాసం, కళ్ళు తిరగడం, ముఖం పాలిపోవడం కూడా లోపల నెమ్మదిగా నెత్తురు పోతున్నదని తెలిపే గుర్తులు కావచ్చు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం, తలదెబ్బ

ఇన్ని చెప్పినా, మీరు ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. ఈ మందు వాడేవారికి తలకు గట్టిదెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, మాట్లాడుతూ నవ్వుతూ ఉన్నా, అదేరోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళి మందు సంగతి చెప్పాలి. అవసరమైతే స్కాను తీస్తారు. పుర్రె లోపల నెత్తురు మెల్లగా చేరుతూ, కొందరిలో రోజుల తర్వాత, వృద్ధుల్లో వారాల తర్వాత కూడా బయటపడుతుంది. పడినప్పుడు "ఏం కాలేదు" అన్న పెద్దాయన మూడు వారాలకు మగతగా ఉంటాడు, నడక తూలుతుంది, మాట తడబడుతుంది. ఇంట్లోవారు వయసు మీద పడిందనుకుంటారు. వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మగత, ఒకవైపు బలహీనత కనిపిస్తే 108కి ఫోను చేయండి.

ఈ మాట విని, "అయితే పడతామేమో, మాత్రే మానేస్తే పోలా" అనుకోకండి. 1999లో కెనడా వైద్యులు ఒక లెక్క వేశారు. గుండె లయ తప్పిన వృద్ధుడు, పడి తలలో నెత్తురు చేరుతుందన్న భయంతో వార్ఫరిన్ మానడం లాభం కావాలంటే, ఆయన ఏడాదికి సుమారు 295 సార్లు పడాలట! లెక్క లెక్కే, ఏ ఒక్కసారి పడినా నిర్లక్ష్యం చేయరాదు. కాని గుండె లయ తప్పినవారిలో వార్ఫరిన్ పక్షవాతాన్ని మూడింట రెండువంతుల దాకా తగ్గిస్తుంది. అంతటి రక్షణను ఒక మచ్చకు భయపడి వదులుకోవడం, ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

కొత్త మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. వాటి గుణం ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. స్టెంటు వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తమంతట తాము మానితే స్టెంటు మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండురోజులవీ కలిపి మింగవద్దు.

నొప్పి మాత్ర, సూది, మాలిష్

వ్యాయామం మొదలుపెట్టినవారికి మోకాళ్ళు, పిక్కలు నొప్పులు పెట్టడం సహజం. అసలు ప్రమాదం చాలాసార్లు వ్యాయామంలో ఉండదు, ఆ నొప్పికి మనం చేసే వైద్యంలో ఉంటుంది. మందులషాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకుంటారు. ఇవి కడుపులో పుండు చేస్తాయి, రక్తం పలచబడే మాత్రతో కలిసినప్పుడు నెత్తురు కారే ప్రమాదాన్ని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ మేలు. అయినా రోజుల తరబడి వేసుకోవలసివస్తే, వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారు డాక్టరుకు చెప్పి వేసుకోవాలి.

ఇంకొందరు ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు వెళ్ళి పిర్రకు సూది వేయించుకుంటారు. ఆ సూది గుచ్చిన కండలోనే నెత్తురు చేరి గడ్డలా వాచినవారిని నేను చూశాను. సూదిమందు పట్టుకోకముందే "నేను ఫలానా మాత్ర వాడుతున్నాను" అని చెప్పండి. కమిలినచోట గట్టిగా మాలిష్ చేయించడం, వెంటనే వేడి కాపడం పెట్టడం కూడా తప్పు. మొదటి రెండురోజులు కదల్చకుండా ఉంచి, బట్టలో చుట్టిన ఐసుముక్క పెట్టి, కాలయితే దిండు మీద ఎత్తుగా ఉంచాలి.

మనవాళ్ళలో కొందరు నొప్పులకు హిజామా చేయించుకుంటారు. అందులో చర్మాన్ని గీసి నెత్తురు తీస్తారు గనుక, ఈ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా చేయించుకోరాదు. వెల్లుల్లి మాత్రలు, గింకో మాత్రలు, పేరు తెలియని పొడులు కూడా అడగకుండా వాడవద్దు. కూరలో వేసే నాలుగు వెల్లుల్లి రెబ్బలకు అభ్యంతరం లేదు.

ఎలాంటి వ్యాయామం మంచిది?

నడక అన్నిటికంటె మేలు. వారానికి మొత్తం 150 నిముషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే చాలు. మొదటివారం పది నిముషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్లు. మాట్లాడలేకపోతే ఎక్కువైనట్లు. గుండెకు వాడే కొన్ని మాత్రల వల్ల నాడి పెరగదు గనుక, నాడి లెక్కకంటె ఈ మాటల లెక్కే నమ్మదగినది. ఇంట్లో నిలకడగా ఉండే సైకిలు, ఈత, తేలిక బరువులు కూడా మంచివే. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి.

కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్, గట్టిబంతి క్రికెట్టు లాంటి దెబ్బలాట ఆటలు ఈ మందులు వాడే కుర్రవాళ్ళకు పనికిరావు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి వాల్వు చెడి, లోహపు వాల్వు వేయించుకున్న యువకులు మనలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. లోహపు వాల్వు ఉన్నవారికి వార్ఫరిన్ జాతి మందులే వాడాలి, కొత్త మాత్రలు పనికిరావు. పొరుగాయన మాత్ర బాగుందని మార్చుకోరాదు. మోటారుసైకిలు ఎక్కితే హెల్మెట్ తప్పదు.

చీకటి ఉండగా నడిచేవారు చేతిలో టార్చిలైటు, కాలికి వెనకపట్టీ ఉన్న బూట్లు పెట్టుకోండి. జారే హవాయి చెప్పులతో నడక వద్దు. గుంతల రోడ్డు కన్నా స్కూలు గ్రౌండు మేలు. కూర్చున్నవారు, పడుకున్నవారు దిగ్గున లేవకండి. బి.పి. మాత్రలతో కళ్ళు తిరిగి పడిపోయేవారు ఉంటారు. ఇంట్లో స్నానాలగది తడినేల చెరువుగట్టుకంటె ప్రమాదం.

పరీక్ష, ఆహారం, రోజా

వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోవాలి. మామూలువారికి ఇది 1 దగ్గర ఉంటుంది. మందు వాడే ఎక్కువమందికి 2 నుంచి 3 లోపల ఉండాలి. కొన్ని లోహపు వాల్వులకు 2.5 నుంచి 3.5 దాకా కావాలి. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరు చెప్పాలి. 4 దాటినకొద్దీ నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది, 2 కంటె తగ్గితే గడ్డకట్టే ప్రమాదం.

వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినా, అలవాటున్నది మానినా డాక్టరుకు చెప్పండి. క్రమంగా వ్యాయామం చేసేవారికి వార్ఫరిన్ మోతాదు కొంచెం ఎక్కువ కావలసివస్తుందనీ, వారిలో తీవ్రమైన రక్తస్రావం తక్కువనీ 2014లో అమెరికాలో వెలువడిన పరిశీలన ఒకటి తెలిపింది. అంటే నడక ఈ మందుకు శత్రువు కాదు. పాలకూర, తోటకూర, మునగాకు మానవలసిన పని లేదు. ఈ వారం గంపెడు, వచ్చేవారం శూన్యం అన్నట్లు కాకుండా రోజూ ఒకే తీరుగా తినండి.

ఎండాకాలం చెమటలు పట్టి నీరు తగ్గితే మూత్రపిండాల పని మందగిస్తుంది. కొత్త మాత్రలు, ముఖ్యంగా డాబిగాట్రాన్, ఒంట్లో నిలిచిపోయి ఎక్కువవుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడూ అంతే. ఇక రంజాను నెల. రోజాలు ఉండదలచినవారు నెలరోజులు ముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసుకునే మాత్రయితే ఇఫ్తారు తర్వాత వేసుకునేట్లు మార్చవచ్చు. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి. రోజుకు రెండుసార్లు వేసుకునే అపిక్సబాన్, డాబిగాట్రాన్ సహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి సర్దడం కుదురుతుందో లేదో డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు ఒకపూట ఎగవేయకండి. జబ్బుచేసినవారికి రోజా విషయంలో వెసులుబాటు ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రోజాలో ఉన్న పగటిపూట, ఎండలో వ్యాయామం వద్దు. ఇఫ్తారు అయ్యాక కాసేపు ఆగి నడవండి.

ఇంటివారికి ఒక మనవి

మందు వాడేవారి జేబులో ఒక చీటీ ఉండాలి. పేరు, మాత్ర పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారో, డాక్టరు ఫోను నంబరు, ఇంటి ఫోను నంబరు దానిమీద తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు రాయండి. పన్ను పీకించుకోబోయినా, ఆపరేషనుకు ఒప్పుకోబోయినా ముందు ఆ చీటీ చూపించండి. నడకకు వెళ్ళే స్నేహితులకు కూడా సంగతి తెలిసి ఉండాలి.

ఆడవారి విషయం వేరుగా చెబుతాను. మన ఇళ్ళలో అమ్మకు, అమ్మమ్మకు మాత్ర ఇస్తాము గాని నడవనివ్వము. "పడతావు, కూర్చో" అంటాము. కూర్చుని కూర్చుని కాళ్ళ బలం పోతుంది. బలం పోయిన కాళ్ళే పడేస్తాయి. బయటికి వెళ్ళడం ఇష్టంలేకపోతే డాబా మీదనో, వరండాలోనో గోడ పట్టుకుని పది నిముషాలు నడిచినా నడకే.

మన పంతులుగారి సంగతి చెప్పి ముగిస్తాను. మాట కొంత తిరిగి వచ్చింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. ఇప్పుడు ఎడమచేత్తో కర్ర పట్టుకుని, చెరువుగట్టు కాదు, ఇంటిముందు వీధిలో ఆ చివరినుంచి ఈ చివరకు నడుస్తున్నారు. పక్కన కొడుకు నడుస్తాడు. మొన్న మోచేతికి మచ్చ పడితే ఆ అబ్బాయి మాత్ర ఆపలేదు, నాకు ఫోను చేశాడు. "చూపించడానికి తీసుకురమ్మంటారా, ఆగమంటారా?" అని అడిగాడు. ఆ మాట ముందే అడిగేట్లు నేను చెప్పి ఉండవలసింది.

మీరైనా మచ్చ చూసి మాత్ర ఆపకండి, డాక్టరును అడగండి. అడగడానికి మొహమాటపడకండి. చెప్పడం మా పని.